జిమ్‌లో "కోర్సు" చేస్తున్న తమ్ముడు: ఎలా ఆపాలి, ఆపాక ఏమవుతుంది

మీరు రాసింది క్లుప్తంగా ఇది. తమ్ముడికి 25 ఏళ్లు, బెంగళూరు మారతహళ్ళిలో పీజీలో ఉంటూ ఐటీ ఉద్యోగం చేస్తున్నాడు. ఏడాదిన్నరగా ట్రైనర్ చెప్పిన "కోర్సు", అంటే కండ పెంచే అనబాలిక్ స్టెరాయిడ్లు, నడుస్తోంది. వారానికి రెండు టెస్టోస్టిరాన్ ఇంజక్షన్లు, మధ్యలో ఆరేసి వారాలు మాత్రలు. ఛాతీ దగ్గర వాపు, వీపు నిండా మొటిమలు, ఊరికే కోపం. మార్చిలో పెళ్లి. ఒక్కసారిగా ఆపితే ప్రమాదమా, ఏ డాక్టరుకు చూపించాలి, రేపు పిల్లలు పుడతారా అన్నవి మీ ప్రశ్నలు.

సూటిగా చెబుతాను: ఆపవచ్చు, ఈ రోజే ఆపవచ్చు. తాగుడు హఠాత్తుగా మానేస్తే వచ్చే ఫిట్స్ లాంటివి అనబాలిక్ స్టెరాయిడ్లు మానేస్తే రావు. అసలు గండం ఆపిన రోజున ఉండదు. ఆపిన రెండు మూడు వారాల తర్వాత మొదలై నాలుగైదు నెలలు సాగుతుంది. ఆ నెలల్లో పక్కన ఒక మనిషి, వెనక ఒక డాక్టరు ఉండాలి. చూపించాల్సింది ఎండోక్రైనాలజిస్టుకు. మనసు సంగతి చూడటానికి సైకియాట్రిస్టు కూడా కావాలి. సంతానం విషయంలో చాలామందికి సామర్థ్యం తిరిగి వస్తుంది, కానీ మార్చి నాటికే వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు.

ఆపే ముందు ఒక్క పని: అతను వాడేవన్నీ ఒకచోట పెట్టి లేబుళ్లు ఫొటో తీయండి. జిమ్‌లో "స్టెరాయిడ్" అన్న ఒక్క మాట కింద చాలా రకాలు నడుస్తాయి. అన్నీ ఒకేలా ఆపేవి కావు.

టెస్టోస్టిరాన్ ఎనాంథేట్, సస్టనాన్, నాండ్రొలోన్ (వాళ్ల భాషలో "డెకా"), ట్రెన్‌బొలోన్, మెథాండియెనోన్ ("డి-బోల్"), స్టానొజొలోల్, ఆక్సిమెథొలోన్ అనబాలిక్ రకాలు. వీటిని నేరుగా ఆపవచ్చు. లేబుల్ మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అని ఉంటే మాత్రం ఆగండి. ఒళ్లు చేయడానికని సిప్రోహెప్టాడిన్ మాత్రతో కలిపి డెక్సా ఇచ్చే అలవాటు మన దగ్గర ఉంది. అది పూర్తిగా వేరే జాతి స్టెరాయిడ్. కొన్ని వారాలపాటు వాడి టక్కున ఆపితే అడ్రినల్ గ్రంథి అందుకోలేదు. బీపీ పడిపోతుంది, వాంతులు అవుతాయి, ప్రాణం మీదకు రావచ్చు. దాన్ని డాక్టరే మెల్లగా తగ్గించాలి. (ఇంట్లో ఎవరైనా ఆస్తమాకో కీళ్లవాతానికో డాక్టరు రాసిన స్టెరాయిడ్ వాడుతుంటే ఇది చదివి వాళ్లది ఆపేయకండి.)

ఇంకో రెండు వెతకండి. ఒకటి ఇన్సులిన్. షుగర్ లేనివాడు కండ కోసం వేసుకుంటే నిద్రలోనే షుగర్ పడిపోయి చనిపోవచ్చు, దాన్ని ఆ క్షణమే ఆపాలి. రెండోది మెఫెంటర్‌మైన్. ఆపరేషన్ థియేటర్లో మత్తు వల్ల పడిపోయిన బీపీని లేపడానికి వాడే ఇంజక్షన్ ఇది. వర్కౌట్‌కు ముందు ఊపు కోసం వేసుకుంటున్నారు. దీనికి ఆంఫెటమిన్ తరహా వ్యసనం పడుతుంది, ఎవరో వెంటాడుతున్నారన్న అనుమానాలు మొదలవుతాయి. అది దొరికితే ముందు సైకియాట్రిస్టు దగ్గరకు వెళ్లండి.

అండర్‌గ్రౌండ్ సరుకులో లేబుల్ మీద ఒకటి, సీసాలో మరొకటి ఉండటం మామూలే. కాబట్టి లేబుల్‌ను ఆధారంగా తీసుకోండి, రుజువు అనుకోకండి.

లోపల జరిగేది ఇదీ. మగవాడి ఒంట్లో రోజుకు తయారయ్యే టెస్టోస్టిరాన్ సుమారు 6, 7 మిల్లీగ్రాములు. నిజంగా లోపం ఉన్నవారికి మేం రాసే ఇంజక్షన్ మోతాదు వారానికి 75 నుంచి 100 మిల్లీగ్రాములు. మీ తమ్ముడు వేసుకునేవి 250 మిల్లీగ్రాముల ఆంప్యూల్సే అయితే వారానికి 500. బయటి నుంచి ఇంత వస్తుంటే మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి, వృషణాలకు ఇచ్చే ఆజ్ఞలు నిలిపేస్తుంది. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే ఆ రెండు హార్మోన్లు దాదాపు సున్నాకు పడతాయి. పని లేని వృషణాలు కుంచించుకుపోతాయి. ఓపీలో మేం ఒక పూసల దండ వాడతాం. 12 గుడ్డు ఆకారపు పూసలు, 1 ఎం.ఎల్. నుంచి 25 ఎం.ఎల్. దాకా వరుసగా ఉంటాయి. ఒక చేత్తో వృషణాన్ని, ఇంకో చేత్తో పూసను తడిమి పోలుస్తాం. పెద్దవాళ్లలో 15 నుంచి 25 మధ్య ఉండాల్సింది, ఏళ్ల తరబడి కోర్సులు చేసినవాళ్లలో 8, 10 పూసకు సరిపోతుంది. మెత్తగా కూడా ఉంటుంది. భుజాలు ఎంత వెడల్పుగా ఉన్నా ఆ పూస అబద్ధం చెప్పదు.

ఇంజక్షన్ ఆపగానే సరుకు ఖాళీ కాదు. ఎనాంథేట్ నూనెలో ఉంటుంది, నాలుగైదు రోజులకు సగం చొప్పున తగ్గుతూ మూడు నాలుగు వారాలకు పోతుంది. నాండ్రొలోన్ డెకనోయేట్ ఇంకా నిదానం. అంటే తగ్గింపు దానంతటదే జరుగుతుంది, మళ్లీ "తగ్గించుకుంటూ" ఇంజక్షన్లు వేసుకోనక్కర్లేదు. ఇంట్లోవాళ్లు మోసపోయేదీ ఇక్కడే. మొదటి రెండు వారాలు కుర్రాడు హుషారుగానే ఉంటాడు, "చూశావా అక్కా, ఏమీ కాలేదు" అంటాడు. మూడో వారం దాటాక బయటిది అయిపోతుంది, లోపలిది ఇంకా మొదలుకాదు. నీరసం, నిద్ర పట్టకపోవడం, కోరికలు చచ్చిపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, అద్దంలో చూసుకుని ఏడవడం అన్నీ అప్పుడే. మళ్లీ సూది పట్టుకునేవారిలో ఎక్కువమంది పట్టుకునేది ఈ వారాల్లోనే. వాడేవారిలో దాదాపు 30 శాతం మందికి ఇది వ్యసనంగా మారుతుందని పరిశోధకుల అంచనా. మళ్లీ మొదలుపెట్టినవాడిని మొండివాడని తీసిపారేయకండి.

పరీక్షలు. మొదటిసారి ఇప్పుడే చేయించండి. హార్మోన్లు మాత్రం చివరి ఇంజక్షన్ తర్వాత 4 నుంచి 6 వారాలకు మళ్లీ, ఆపైన 3 నెలలకు, 6 నెలలకు. చీటీలో ఇవి ఉండాలి: ఉదయం 7 నుంచి 10 గంటల మధ్య పరగడుపున టోటల్ టెస్టోస్టిరాన్, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, ఎస్ట్రడయాల్, పూర్తి రక్త పరీక్ష, లివర్ పరీక్షతో పాటు జీజీటీ (లివర్ ఎంజైము), సీకే (కండలోని ఎంజైము), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), లిపిడ్లు, షుగర్. ఈసీజీ, ఎకో, బీపీ. సూదులో, పెద్ద సీసానో ఇతరులతో పంచుకుని ఉంటే హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి తప్పనిసరి. ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసీటీసీ (హెచ్‌ఐవీ సలహా, పరీక్ష) కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, వివరాలు బయటకు రావు. అతను సూది ఎప్పుడూ తనదే వాడాననవచ్చు. జిమ్ బాత్రూమ్‌లో ఒకే 10 ఎం.ఎల్. సీసాలోంచి నలుగురు లాగి ఉంటే సూదులు వేరైనా భరోసా లేదు.

రిపోర్టు చదివేటప్పుడు తప్పులు ఇక్కడ దొర్లుతాయి:

బయోటిన్. జుట్టు రాలుతోందని జిమ్ కుర్రాళ్లు చాలామంది ఈ బిళ్ల వేసుకుంటారు. కొన్ని ల్యాబ్ యంత్రాల్లో ఇది టెస్టోస్టిరాన్‌ను ఉన్నదానికంటే ఎక్కువగా, ఎల్‌హెచ్‌ను తక్కువగా చూపిస్తుంది. పరీక్షకు కనీసం రెండు మూడు రోజుల ముందు ఆపాలి.

లివర్ ఎంజైములు. బరువులు ఎత్తినా ఏఎస్‌టీ, ఏఎల్‌టీ పెరుగుతాయి, అవి కండలోనూ ఉంటాయి కాబట్టి. ఐదారు రోజులు వ్యాయామం ఆపి రక్తం ఇవ్వాలి. జీజీటీ కూడా పెరిగి ఉంటే లివర్‌ను అనుమానించాలి, సీకే ఒక్కటే పెరిగితే కండ. మెథాండియెనోన్, స్టానొజొలోల్, ఆక్సిమెథొలోన్ లాంటి మాత్రలు లివర్‌కు ఇంజక్షన్ల కంటే చేటు. కళ్లు పచ్చబడటం, ఒళ్లంతా దురద, ముదురు రంగు మూత్రం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి.

హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 54 శాతం దాటితే రక్తం చిక్కబడిందని అర్థం, గడ్డలు కట్టే ముప్పు. మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ 20 కిందకు పడిపోయిన రిపోర్టులు ఈ వయసు వాళ్లలో కనిపిస్తాయి, ఆపాక కొన్ని నెలలకు కోలుకుంటుంది. కండ ఎక్కువున్నా, క్రియాటిన్ తాగినా క్రియాటినిన్ కాస్త పెరుగుతుంది. కిడ్నీ పోయిందని హడలిపోకుండా, కండతో పెద్దగా మారని సిస్టాటిన్-సి అనే కిడ్నీ పరీక్ష చేయించండి.

గుండె విషయంలో ఎకో దాటవేయకండి. 2017లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో 140 మంది వెయిట్‌లిఫ్టర్లను పోల్చారు. స్టెరాయిడ్లు వాడిన 86 మందిలో గుండె పంపింగ్ సగటున 52 శాతం, వాడని 54 మందిలో 63. ఆపితే కొంత మెరుగుపడుతుంది, మొత్తంగా కాకపోవచ్చు. గుండె వేగంగా కొట్టుకోవడం, మెట్లెక్కితే ఆయాసం, ఒక కాలు మాత్రమే వాయడం, ఛాతీ నొప్పి కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. గుండెకు సంబంధించి తక్కువ ఖర్చులో నమ్మకమైన వైద్యం కావాలంటే బన్నేరుఘట్ట రోడ్డులో జయదేవ ప్రభుత్వ గుండె ఆసుపత్రి ఉంది.

మందులు. చాలామందికి వేచి చూడటమే వైద్యం. నాలుగు నెలల నుంచి ఏడాది లోపు పిట్యూటరీ తనంతట మేలుకుంటుంది. నెలల తర్వాత కూడా ఎల్‌హెచ్ లేవకపోతే, లేదా సంతానం తొందరగా కావాలంటే, డాక్టరు పిట్యూటరీని లేపే క్లోమిఫెన్ మాత్ర ఇవ్వవచ్చు, సాధారణంగా రోజు విడిచి రోజు 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి. లేదా హెచ్‌సీజీ ఇంజక్షన్లు. రెండూ డాక్టరు లెక్క ప్రకారమే. జిమ్‌లో వీటినే "పీసీటీ" (పోస్ట్ సైకిల్ థెరపీ, అంటే కోర్సు తర్వాతి మందులు) అని ఒక ప్యాకెట్‌గా అమ్ముతారు, మోతాదు ఎవరో ఫోన్‌లో పంపిన చార్టు. క్లోమిఫెన్ వల్ల కొందరికి చూపు మసకబారుతుంది, మెరుపులు కనిపిస్తాయి, అలా అయితే ఆపాలి. హెచ్‌సీజీ వృషణాలను లేపుతుంది గానీ అది ఉన్నంతకాలం పిట్యూటరీ నిద్రలోనే ఉంటుంది. పైగా పీసీటీ ఉందన్న ధీమాతో రెండో కోర్సు, మూడో కోర్సు మొదలవుతాయి. పీసీటీ చేసే అతిపెద్ద హాని అదే.

ఇంకో పొరపాటు డాక్టర్ల వైపు నుంచీ జరుగుతుంది. రిపోర్టులో టెస్టోస్టిరాన్ 90 అని ఉంటుంది (మామూలుగా 300 నుంచి 1000). పాత కథ కుర్రాడు చెప్పడు, ఎదుటి డాక్టరు అడగడు. "లోపం ఉంది" అని టెస్టోస్టిరాన్ ఇంజక్షనే రాసిస్తారు. మళ్లీ మొదటికొచ్చినట్టే. అందుకే ఏం వాడాడో, ఎంత, ఎన్ని వారాలు, చివరి సూది ఏ తేదీన అన్నది కాగితం మీద రాసి డాక్టరు చేతికి ఇవ్వాలి. వాడినందుకు అతని మీద కేసేమీ పెట్టరు. ఇవి షెడ్యూల్ హెచ్ మందులు, చీటీ లేకుండా అమ్మడం నేరం. అమ్మినవాళ్ల మీద రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు. కానీ అది తమ్ముడు కుదుటపడ్డాక, అతనితో మాట్లాడాకే చేయండి. ముందే చేస్తే అతను మీతో మాట్లాడటం మానేస్తాడు.

మనసు. నాకు అన్నిటికంటే భయం దీని గురించే. ఆపిన తర్వాత హార్మోన్ లేని ఖాళీ నెలల్లో వచ్చే దిగులు మామూలు దిగులు కాదు, ఆత్మహత్య ఆలోచనల దాకా పోతుంది. "నేను ఎందుకూ పనికిరాను", "పెళ్లి వద్దు", "ఇలా బతికి ఏం లాభం" అన్న మాటలు వింటే తేలిగ్గా తీసుకోకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే కొత్తగా ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒక్కడినీ వదలకండి, పీజీ గదిలో అసలు ఉంచకండి. టెలి-మానస్ 14416 రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌లో ఎమర్జెన్సీ ఉంది, వ్యసనాల కోసం విడిగా విభాగమూ ఉంది. డిప్రెషన్ ముదిరితే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు ఇస్తారు, పనిచేస్తాయి.

దీని కింద మరో జబ్బు దాగి ఉండవచ్చు. 90 కిలోలున్నా అద్దంలో తనకు తాను సన్నగా కనిపించడం, చొక్కా విప్పాల్సి వస్తుందని బంధువుల ఇళ్లకు రాకపోవడం, ఒక్క రోజు జిమ్ తప్పితే తల్లడిల్లడం. ఇది ఉంటే హార్మోన్లు సర్దుకున్నా సూది మళ్లీ పిలుస్తుంది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ చేసే సైకాలజిస్టు అవసరం.

ఛాతీ వాపు. అదనపు టెస్టోస్టిరాన్‌లో కొంత ఒంట్లో ఈస్ట్రోజన్‌గా మారుతుంది, దాని ఫలితమిది. చనుమొన కింద రెండు వేళ్లతో పట్టి చూస్తే రబ్బరు బిళ్లలా తగిలితే గ్రంథి, మెత్తగా జారితే కొవ్వు. నొప్పిగా, కొత్తగా ఉంటే ఆపడంతోనూ, డాక్టరు ఇచ్చే టామాక్సిఫెన్‌తోనూ తగ్గే వీలుంది. ఏడాది దాటి గట్టిపడితే మందులకు కరగదు, ఆపరేషనే. అయితే ఆపరేషన్ చేయించి మళ్లీ కోర్సు మొదలుపెడితే మళ్లీ వస్తుంది. పెళ్లిలోపు చేయించాలని తొందరపడకండి. హార్మోన్లు కుదురుకున్నాక చూడాలి.

పెళ్లి, పిల్లలు. వీర్యకణం తయారవడానికి దాదాపు 74 రోజులు పడుతుంది. ఈ రోజు పరీక్షలో కనిపించేది రెండున్నర నెలల కిందటి సంగతి. మగవారి గర్భనిరోధక ఇంజక్షన్ల ప్రయోగాల్లో, మందు ఆపాక కణాల సంఖ్య మిల్లీలీటరుకు 2 కోట్లకు చేరినవారు ఆరు నెలలకు 67 శాతం, ఏడాదికి 90 శాతం, రెండేళ్లకు అందరూ. అవి తక్కువ మోతాదులు, డాక్టర్ల పర్యవేక్షణలో ఇచ్చినవి. ఏడాదిన్నర, అందులోనూ డెకా, ట్రెన్ కలిపితే ఇంకా ఆలస్యం కావచ్చు. మూడు నెలలకు ఒకసారి వీర్యపరీక్ష చేయించండి, పరీక్షకు ముందు 2 నుంచి 7 రోజుల విరామం ఉండాలి. సున్నా వచ్చినా అదే ఆఖరి మాట అనుకోకండి. అమ్మాయికి ముందే చెప్పాలా అంటే, చెప్పాలి, అతనే చెప్పాలి. పెళ్లయ్యాక ఏడాదిపాటు ఆ పిల్లను పరీక్షలకు తిప్పి, తప్పంతా ఆమెదేనని ఇంట్లో మాట పడటం ఎంతమాత్రం న్యాయం కాదు.

కండ పోతుందన్న భయం. కొంత పోతుంది, దాచకండి. మొదటి నెలలో పోయే మూడు నాలుగు కిలోల్లో చాలా భాగం నీరు. మిగిలింది నిలవాలంటే జిమ్ మానకూడదు. వారానికి మూడు రోజులు, బరువులు అలాగే ఉంచి సెట్లు మూడో వంతు తగ్గించాలి. కిలో బరువుకు 1.6 గ్రాముల ప్రోటీన్, 75 కిలోల మనిషికి 120 గ్రాములు. పీజీ భోజనంలో అది రాదు. ఐదు గుడ్లు (30), పావుకిలోకి కాస్త తక్కువ కోడిమాంసం (45), 50 గ్రాముల సోయా ముక్కలు (26), రెండు కప్పుల చిక్కటి పప్పు (16) కలిస్తే సరిపోతుంది. క్రియాటిన్ రోజుకు 3 నుంచి 5 గ్రాములు తీసుకోవచ్చు, అది స్టెరాయిడ్ కాదు. జిమ్‌ను మాత్రం మార్చించండి. సరుకు అమ్మిన చోటే మానడం చాలా కష్టం.

ఎలా మాట్లాడాలి. "నువ్వు చచ్చిపోతావు" అని మొదలుపెడితే ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. తన చుట్టూ పదేళ్లుగా వాడుతూ నవ్వుతున్నవాళ్లు అతనికి కనిపిస్తున్నారు కాబట్టి మిమ్మల్ని ఏమీ తెలియనివారి కింద జమ కడతాడు. అమెరికాలోని ఒరెగాన్‌లో 1990ల్లో స్కూలు ఫుట్‌బాల్ జట్లతో చేసిన పనిలోనూ తేలింది ఇదే. భయపెట్టే పాఠాలు ఒక్కటే పనిచేయలేదు. నష్టాలతో పాటు తిండి, వ్యాయామం సరిగా నేర్పించి, ఆ పిల్లల్లోనే ఒకరితో చెప్పించినప్పుడు ఫలితం వచ్చింది. "ఛాతీ నొప్పిగా ఉందన్నావుగా, రక్తపరీక్ష చేయించుకుందాం, నేనూ వస్తా" అనండి. అతనికే ఇబ్బందిగా ఉన్న లక్షణం పట్టుకుని మొదలుపెట్టండి. సీసాలు లాక్కుని పారేయకండి, ఇంకో సీసా సాయంత్రానికి వస్తుంది.

మీ ఇంట్లో ఇంకా చిన్నవాళ్లు ఉంటే వాళ్ల కోసం రెండు ముక్కలు. 18 లోపు వాడితే ఎముకల చివరలు ముందే మూసుకుపోయి ఎత్తు ఆగిపోతుంది. ఆడపిల్లల్లో గొంతు మారితే ఆపాక కూడా వెనక్కి రాదు. కొత్తగా జిమ్‌కు వెళ్లినవాడికి మంచి తిండి, నిద్ర ఉంటే మొదటి ఏడాది నెలకు అరకిలో, బాగా కలిసొస్తే కిలో కండ వస్తుంది. "మూడు నెలల్లో పది కిలోలు" అని ట్రైనర్ అన్నాడంటే తర్వాతి మాట సూదే. ఊరూపేరూ లేని పౌడరు డబ్బాలు కొనవద్దు, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు లేనిది అసలు ముట్టుకోవద్దు. ఆ నంబరు ఉన్నా లోపల కల్తీ లేదని పూర్తి హామీ కాదు. క్రీడల పోటీలకు తయారవుతున్నవారికి ఇంకో మాట. నాండ్రొలోన్ ఆనవాళ్లు మూత్రంలో ఏడాది దాటాక కూడా పట్టుబడతాయి.

మీరు ముందుగా చేయాల్సింది ఇది. శనివారం వెళ్లి కలవండి, ఫొటోలు తీయండి, చివరి ఇంజక్షన్ తేదీ రాసుకోండి. ఆ తేదీకి 21 రోజులు కలిపితే వచ్చే రోజు నుంచి రెండు నెలలపాటు అతను మీ ఇంట్లోనే ఉండేలా చూడండి, వర్క్ ఫ్రమ్ హోమ్ అడిగించండి. రిపోర్టులు వచ్చాక పేరు చెరిపేసి ఇక్కడ పెట్టండి, ఏ అంకె ఏం చెబుతోందో చూసి రాస్తాను.